తొమ్మిదో ఫోటో

బుధవారం పొద్దున తోటి పనివాడు గోపాల్ గుజరాతీ పేపరు తెచ్చి, పరుశురాం చెకింగ్ బల్ల మీద, కదులుతున్న గుడ్డ పైనే పరిచాడు.

పరుశురాం చెయ్యి చాచి మోటారు ఆపాడు. బల్ల అద్దం కింద ట్యూబులైట్లు వెలుగుతున్నాయి. ఆ వెలుతురుకి పేపరు వెనక పేజీలోని అక్షరాలు కూడా తిరగబడి పైకి కనిపించాయి. గోపాల్ వేలు ఒక బొమ్మ మీద ఆగింది. బూడిద రంగు ఆకాశంలో రెక్కలు బార్లా చాచిన నల్లటి పెద్ద పక్షి. పై మూలన, దానిలో సగం కూడా లేని ఒక గద్ద.

"పరుశన్నా, గిది నువ్వు తీసిన ఫోటో గాదె?"

గోపాల్ అతని ఎడమ చెవికి నోరు ఆనించి అరిచాడు. పరుశురాంకి కుడి చెవి పూర్తిగా పోయింది. ఎడమ చెవికి దగ్గరగా వచ్చి గట్టిగా అంటేనే ఏదో కొంత అందుతుంది. సూరత్‌లోని ఉధ్నాలో ముప్పై ఏళ్లు మగ్గాల మధ్య నిలబడ్డ మనిషి. వినికిడి తగ్గాక సేటు అతన్ని మగ్గాల మీద నుంచి తీసి, నేసిన గుడ్డలో తప్పులు పట్టే ఈ బల్ల దగ్గర కూర్చోబెట్టాడు.

పరుశురాం గుజరాతీ అక్షరాలు ఒక్కొక్కటే కూడబలుక్కున్నాడు. 'సూరత్ ఆకాశంలో అరుదైన నల్ల రాబందు.' బొమ్మ కింద సన్నని అక్షరాల్లో ధన్సుఖ్‌భాయ్ అని ఉంది. వార్త మొత్తం చివరిదాకా చదివాడు. మళ్లీ మొదటి నుంచి వెతికాడు. తన పేరు ఎక్కడా లేదు.

"సేటు పేరేసుకున్నడు. నీ పేరు యాడ?" అన్నాడు గోపాల్.

"కెమెరా ఆయనది."

"అయితే? మగ్గం గూడ సేటుదే. మరి నేసినోడెవడు?"

పరుశురాం పేపరు నాలుగు మడతలు పెట్టి గోపాల్ చేతికిచ్చి మోటారు వేశాడు. తెల్లటి గుడ్డ అద్దం మీదుగా మళ్లీ పాకింది. పోగు తెగిన చోట చాక్‌పీసుతో సున్నా చుట్టాడు. ముడి తగిలిన చోట చిమ్టాతో లాగాడు. అలా చాలాసేపు చేశాక, చేతులు మాత్రమే పని చేస్తున్నాయని అతనికే తెలిసింది. రోలరు వెనక్కి తిప్పి చూస్తే, అరచేయంత నూనె మరక ఒకటి గుర్తు లేకుండా దాటిపోయి కనిపించింది. ఆ బల్ల దగ్గర అతని కన్ను తప్పడం అదే మొదలు.

మధ్యాహ్నం భోజనాల వేళ అలవాటుగా షెడ్డు పైకెక్కాడు. అక్కడ నీళ్ల ట్యాంకు పక్కన ధన్సుఖ్‌భాయ్ ఎదురు చూస్తున్నాడు. రెండేళ్లుగా ఆ వేళకు ఆ ఇద్దరూ అక్కడ పావుగంట నిలబడతారు. ధన్సుఖ్‌భాయ్‌కి పక్షుల పిచ్చి. ఊళ్లోని పక్షుల వాళ్లందరితో ఒక గ్రూపు నడుపుతాడు. చుక్కలా కనిపించేంత దూరంలో ఎగిరేదాన్ని కూడా పరుశురాం రెక్క వాలును బట్టి, తోక చివరను బట్టి పోల్చగలడని తెలిశాక తన పాత కెమెరా అతని చేతికిచ్చాడు. అరవడం కష్టమని సేటు చలాన్ కాగితాల వెనక రాస్తాడు. పరుశురాం చదివి నోటితో చెబుతాడు. 'అదేమిటి?' 'ఎలా తెలిసింది?' 'తోక చీలిందా?' పొద్దుటి నుంచి సాయంత్రం దాకా పరుశురాంని ఎవరైనా ఏదైనా అడిగేది ఆ పావుగంటే.

ధన్సుఖ్‌భాయ్ దూద్‌పేడాల పెట్టె తెరిచి ఒకటి అతని నోట్లో పెట్టాడు. భుజాలు పట్టుకుని ఊపాడు. జేబులోంచి పెన్ను తీసి గబగబా రాశాడు. 'ఆదివారం మన గ్రూపు సభ. నాకు శాలువా కప్పుతారట. నువ్వు రావాలి, ముందు వరసలో కూర్చోవాలి.' కింద ఇంకో రెండు లైన్లు. 'హారతిబెన్ వేస్తున్న పక్షుల పుస్తకంలో ఈ ఫోటో పూర్తి పేజీ. సోమవారం అచ్చుకు పోతుంది. ఇంకో రెండు ఫోటోలు అడిగింది. కెమెరా కార్డు నీ దగ్గరే ఉంది కదా, మంచివి చూసి శుక్రవారం పట్టుకురా.'

పరుశురాం కాగితం రెండోసారి చదివాడు. పేరు మాట అడగాలని నోటిదాకా వచ్చింది. కానీ తన గొంతు ఎంత పైకి లేస్తుందో తనకే తెలియదు. కింద లారీకి గుడ్డ తాకాలు ఎత్తుతున్న హమాలీలున్నారు.

"అచ్ఛా సేట్," అన్నాడు.

గురువారం సాయంత్రం, ఎండ ఇంకా ఉండగానే, అతను ఇంటి మేడ మీద కెమెరా పట్టుకుని కూర్చున్నాడు. వాళ్లు అద్దెకుండే గది ఆ మేడ కిందే. భార్య భూదేవి అప్పటికే కూలికి తెచ్చిన చీరల మూట విప్పుకుని ఎంబ్రాయిడరీ వెనక వేలాడే దారాలు కత్తిరిస్తోంది. మెడకీ భుజానికీ మధ్య ఫోను ఇరికించుకుని చెల్లెలితో మాట్లాడుతోంది. నవ్వితే ఆమె భుజాలు కదిలాయి. ఎందుకు నవ్విందో అతనికి తెలియదు. మొదట్లో అడిగేవాడు. ఆమె మూడుసార్లు చెప్పి, నాలుగోసారి "ఏం లేదు తియ్" అనేది. ఇప్పుడు అడగడం మానేశాడు. ఆమె కూడా అవసరమైనవే చెబుతుంది. మోచేతి మీద తట్టి, అతను తల తిప్పాక, "నీళ్లచ్చినయి," "బియ్యం ఒడిసినయి," అంతే.

రాబందు కనిపించిన రోజు షెడ్డు మీద అతను వరసగా తీసిన ఫోటోలు పదకొండు. సేటు ఎంచి కాపీ చేసుకున్నది, పేపర్లో పడింది ఎనిమిదోది. మిగతావాటిని అతను సరిగా చూడనే లేదు. ఎనిమిదోదాంట్లో పక్షి అంత నిండుగా వచ్చింది. ఇప్పుడు చూద్దామంటే ఎండకి కెమెరా తెర మీద తన ముఖమే కనిపిస్తోంది. చెయ్యి అడ్డం పెట్టాడు. గోడ వైపు తిరిగాడు. అటూ ఇటూ జరుగుతున్న మొగుణ్ని చూసి చూసి భూదేవి ఒక చీర విప్పి అతని తల మీద పడేసింది.

చీర కింద నీడలో తెర స్పష్టంగా కనిపించింది. ఒకటి, రెండు, మూడు. అన్నిట్లో నల్లటి ఆకారమే. ఎనిమిది దాటి తొమ్మిదికొచ్చాడు. కొంచెం కదిలిన ఫోటో. పదికి పోయి మళ్లీ వెనక్కొచ్చాడు. తొమ్మిదోదాన్ని ఎంత పెద్దది చేయగలిగితే అంత చేశాడు.

ఇందులో పెద్ద పక్షి రెక్క, గద్ద తోక ఒకదాన్నొకటి తాకుతున్నాయి.

ఆ రోజు దాన్ని రాబందు అని తాను చెప్పింది గద్దను చూసే. గద్ద రెక్కలు చాస్తే ఇంచుమించు ఐదడుగులు. ఇది దానికి రెట్టింపు ఉంది కాబట్టి పదడుగులకు దగ్గర. అంత పెద్దగా, అంత నల్లగా ఉండేది ఇంకేముంది? ఆ లెక్క నిలవాలంటే రెండూ ఒకే ఎత్తులో ఎగురుతుండాలి. ఉన్నాయో లేదో అతను చూడలేదు.

"భూదేవీ! జర ఇటు రా!"

పక్క మేడ మీద బట్టలు తీస్తున్న ఆడమనిషి ఉలిక్కిపడి చూసింది. భూదేవి ఫోను పెట్టేసి వచ్చింది. అతను చీర అంచు ఎత్తాడు. ఆమె లోపలికి తల దూర్చింది.

"గీ రెండిట్ల ఏది ముందటున్నది? ఏది ఎన్కకున్నది?"

ఆమె తెర దగ్గరికి కళ్లు పెట్టి చూసింది. ఏదో అంది. అతనికి అందలేదు. ఆమె అతని గడ్డం పట్టుకుని ముఖం తన వైపు తిప్పుకుంది. నోరు పెద్దగా తెరిచి, ఒక్కో మాటా విడదీసి చెప్పింది.

"పెద్దదాని రెక్క చిన్నదాని తోక మీదికెల్లి వోయింది. చిన్నది ఎన్కకున్నది. మస్తు ఎన్కకు."

"పక్కానా?"

"ఏ పోగు మీదున్నదో, ఏది కిందున్నదో నాకు తెల్వదా?"

గద్ద చాలా పైన, చాలా దూరంలో ఉంది. అందుకే అంత చిన్నగా కనిపించింది. అంటే ముందున్నది తాను అనుకున్నంత పెద్దది కాదు. అతని బొటనవేలు పదో ఫోటోకి జరిగింది. పక్షి ఒక పక్కకు ఒరిగి వీపు చూపిస్తోంది. తోక మొదట్లో గోరంత తెల్లటి వంపు. నల్ల రాబందుకు అది ఉండదు. స్పాటెడ్ ఈగల్ అనే డేగకు ఉంటుంది. ఆ ఈగల్ చలికాలంలో తాపీ నది పక్కన చెరువుల మీదికి వస్తూనే ఉంటుంది. దాన్ని గురించి ఏ పేపరూ రాయదు.

అతను కెమెరా ఆపేశాడు. చీర తొలగించుకోలేదు.

"తప్పు జెప్పిన," అన్నాడు. "అది రాబందు గాదు."

భూదేవి ఎంతోసేపు ఆలోచించలేదు. "మరి గదే చెప్పు సేటుకు," అని మళ్లీ తన చీరల దగ్గరికి వెళ్లింది.

శుక్రవారం టీ తాగేటప్పుడు గోపాల్‌కి చెప్పాడు. గోపాల్ కళ్లు మెరిశాయి.

"మంచిగైంది! నువ్వు నోరు తెరవకు. పేరు ఆయన తీస్కున్నడు గద, పరువు గూడ ఆయనదే పోనీ. రేపు పెద్ద పెద్దోళ్లు చూస్తరు, ఎవడో ఒకడు పట్టుకుంటడు."

"ఎవ్వరు పట్టుకోరు. తొమ్మిది, పది నా తాన్నే ఉన్నయి."

"ఇంకా మంచిదాయె. నీకేం నష్టం?"

పరుశురాం టీ గ్లాసు అడుగున మిగిలిన పొడిని చూస్తూ కూర్చున్నాడు. రెండేళ్ల కిందట సేటు అతనికి ఒక పక్షుల పుస్తకం ఇచ్చాడు. అందులో మాటలు ఇంగ్లీషు, అతనికి రావు. బొమ్మలు చూసే నేర్చుకున్నాడు. తన ఫోటో పక్కన పుస్తకం బొమ్మ పెట్టుకుని, రెక్కకు రెక్క, తోకకు తోక పోల్చుకున్నాడు. రేపు ఇంకెవరో హారతిబెన్ పుస్తకంలో ఈ పేజీ తెరిచి, తమ ఫోటో పక్కన తన ఫోటో పెట్టుకుంటారు.

ఆ మధ్యాహ్నం షెడ్డు మీద కెమెరా సేటు చేతికిచ్చి తొమ్మిదో ఫోటో చూపించాడు. తర్వాత పదోది. ధన్సుఖ్‌భాయ్ అద్దాలు పైకి నెట్టుకుని చాలాసేపు చూశాడు. ఆయన తెలివితక్కువ మనిషి కాదు. ముఖంలో రంగు మారడం పరుశురాంకి కనిపించింది. అయినా పెన్ను తీశాడు. ఈసారి నెమ్మదిగా రాశాడు.

'స్పష్టంగా లేవు.'

పరుశురాం తల అడ్డంగా ఊపాడు. సేటు మళ్లీ రాశాడు.

'ఆ రెండూ తీసెయ్. ఆరోది, ఏడోది ఇద్దాం. పేపర్లో వచ్చేసింది, నా ఇజ్జత్ పోతుంది.' పెన్ను కాగితం మీద ఆగింది, మళ్లీ కదిలింది. 'వచ్చే ఏడు పుస్తకంలో నీ పేరు వేయిస్తాను. మాటిస్తున్నా.'

సేటు పెన్ను మూత పెడుతూ తీస్తూ అతని ముఖంలోకే చూస్తున్నాడు. అది చూసేసరికి పరుశురాంకి, రెండు రోజులుగా కడుపులో పెట్టుకున్న కోపం ఎటు పోయిందో తెలియలేదు. అరవై ఏళ్ల మనిషి, చిన్నపిల్లాడిలా భయపడుతున్నాడు. పరుశురాం ఆ కాగితం తీసుకుని మడిచాడు. ఎవరికైనా చూపిస్తే చాలు, సేటు పని అయిపోతుంది. దాన్ని సేటు చొక్కా జేబులోనే పెట్టి, జేబు మీద ఒకసారి తట్టి, కెమెరా తిరిగి తీసుకున్నాడు.

"నహీ సేట్."

గొంతు పెద్దగా వచ్చినట్టుంది. కింద హమాలీలు తలలెత్తి చూశారు.

ఆదివారం పొద్దున అతను ఇస్త్రీ చొక్కా తొడుక్కుంటుంటే భూదేవి కూడా మంచి చీర కట్టుకుంది.

"నువ్వెందుకు?" అన్నాడు.

ఆమె అతని ముందుకొచ్చి నిలబడి చెప్పింది. "వాళ్లు ఏమంటున్నరో నీకెవరు చెప్తరు?"

బస్సు దిగి, నది పక్కనున్న హాలు వెతుక్కుని వెళ్లేసరికి సభ మొదలైంది. ముందు వరసలో కుర్చీ ఖాళీగానే ఉంది కానీ పరుశురాం అటు పోలేదు. ఇద్దరూ నాలుగో వరస చివర్లో కూర్చున్నారు. వేదిక మీద తెర, తెర నిండా ఎనిమిదో ఫోటో. అంత పెద్దగా చూస్తే అతనికే ముచ్చటేసింది. ఎవరో ధన్సుఖ్‌భాయ్‌కి శాలువా కప్పారు. జనం చేతులు కలిసి విడిపోతున్నాయి. చప్పుడు మాత్రం గోడ అవతల వాన పడుతున్నంతే వినిపించింది. అద్దాలు పెట్టుకున్న నడివయసు ఆవిడ, హారతిబెన్, అచ్చు కాగితాల కట్ట పట్టుకుని మైకు ముందుకొచ్చింది.

భూదేవి అతని మణికట్టు నొక్కింది. "ఇగ రాబందు ముచ్చటే."

పరుశురాం లేచాడు. వరసల మధ్య నుంచి నడిచి వేదిక ఎక్కాడు. ఎవరో అడ్డం రాబోయి ఆగారు. ధన్సుఖ్‌భాయ్ వైపు చూడకుండా జేబులోంచి కెమెరా కార్డు తీసి హారతిబెన్ చేతిలో పెట్టాడు. బస్సులో కూడబెట్టుకున్న హిందీ మాటలు వరసగా చెప్పేశాడు.

"ఈ ఫోటో నేను తీశాను. ఇది రాబందు అని సేటుకు చెప్పింది కూడా నేనే. అది తప్పు. తప్పు నాది, సేటుది కాదు. తొమ్మిది, పది చూడండి."

పక్కనున్నతను మైకు దూరంగా లాగేశాడు. దాన్నిబట్టి తాను అరుస్తున్నానని అర్థమైంది. తెర మీద తొమ్మిదో ఫోటో వచ్చింది. పరుశురాం ఒక వేలి మీద ఇంకో వేలు అడ్డంగా పెట్టి చూపించాడు, ఏది పైన ఉందో, ఏది కింద ఉందో. పదో ఫోటో వచ్చింది. తన తోక ఎముక మీద చెయ్యి వేసుకుని, ఇక్కడ తెలుపుందని, "యహా సఫేద్," అన్నాడు. ముందు వరసల్లో నోళ్లు కదులుతున్నాయి. తిడుతున్నారో నవ్వుతున్నారో తెలియలేదు. నాలుగో వరసలోకి చూశాడు. భూదేవి జనం వైపు చూడటం లేదు. అతన్నే చూస్తోంది.

హారతిబెన్ తెర దగ్గరికి నడిచి, ముక్కు ఆనేంత దగ్గరగా నిలబడింది. వెనక్కొచ్చి అచ్చు కాగితాల్లోంచి ఒకటి లాగింది. మీదున్న పక్షి పేరు కొట్టేసి కొత్త పేరు రాసింది. కింద ఫోటో తీసినవారి పేరు కూడా కొట్టేసి, ఆ కాగితం, పెన్ను అతని ముందుకు జరిపింది. అతను 'పరుశురాం' అని తెలుగులో రాశాడు. ఆమె అయోమయంగా చూసింది. దాన్ని కొట్టేసి గుజరాతీలో రాశాడు.

ధన్సుఖ్‌భాయ్ శాలువా ఒళ్లో పెట్టుకుని దాని అంచు దారాలు సరిచేస్తున్నాడు. టీలు వచ్చేసరికి ఆయన కుర్చీ ఖాళీగా ఉంది.

తిరుగు బస్సులో పరుశురాం అడిగాడు. "ఏమన్నరు?"

భూదేవి అతని ఎడమ పక్కకు మారి కూర్చుంది. "ఒకాయన నవ్విండు. ఇద్దరు ముగ్గురు చప్పట్లు కొట్టిన్రు. గా అద్దాలామె, గిట్ల చెప్పెటోళ్లు తక్వ అన్నది."

"సేటు?"

"ఏమనలే. తల వంచుకొని వోయిండు."

సోమవారం ఆఫీసు గుమాస్తా బల్ల దగ్గరికొచ్చి చెయ్యి చాపి, కెమెరా పట్టుకున్నట్టు కంటి దగ్గర పెట్టి చూపించాడు. పరుశురాం మధ్యాహ్నం ఇంటికెళ్లి తెచ్చాడు. మెత్తటి గుడ్డ ముక్కతో అద్దం తుడిచాడు. పట్టీ చుట్టి, ఛార్జర్, హారతిబెన్ తిరిగిచ్చిన కార్డు కలిపి సంచిలో పెట్టి ఇచ్చాడు.

"తీస్కున్నడా?" అన్నాడు గోపాల్.

"ఆయనదే గద."

మంగళవారం భోజనాల వేళ పరుశురాం పైకి వెళ్లలేదు. బల్ల దగ్గరే డబ్బా విప్పుకుని తిన్నాడు. చుట్టూ జనం తింటూ మాట్లాడుకుంటున్నారు. ఒక్కోసారి ఎవరైనా తన వైపు చూసి నవ్వితే తానూ నవ్వాడు. పావుగంట ఇంత పొడుగని అతనికి ఇంతకు ముందు తెలియదు.

బుధవారం ఉండబట్టలేక మెట్లెక్కాడు. ధన్సుఖ్‌భాయ్ అవతలి చివర, పిట్టగోడ దగ్గర కెమెరాతో నిలబడి ఉన్నాడు. ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. ఎవరూ కదల్లేదు.

అప్పుడు నది వైపు నుంచి పక్షులు వచ్చాయి. ఇరవై దాకా ఉంటాయి. తెల్లటి ఒళ్లు, రెక్కల చివర్లు నలుపు. రెక్క ఆడించకుండా, ఒకదాని వెనక ఒకటి, గుండ్రంగా తిరుగుతూ పైకి లేస్తున్నాయి. తిరిగినప్పుడు అన్నీ ఒక్కసారే తెల్లగా మెరిసి, మళ్లీ ఒక్కసారే మాయమవుతున్నాయి. ధన్సుఖ్‌భాయ్ ఫోటోలు తీశాడు. తెర మీద చూసుకున్నాడు. పెద్దది చేశాడు. అనుమానంగా మళ్లీ ఆకాశంలోకి చూసి, తల తిప్పి పరుశురాం వైపు చూశాడు. ఆయన చెయ్యి పెన్ను ఉన్న జేబు దాకా వెళ్లింది.

పరుశురాం ఒక అడుగు ముందుకు వేశాడు.

సేటు చెయ్యి దించేసి, కెమెరా మెడలో సర్దుకుని మెట్లు దిగి వెళ్లిపోయాడు.

పరుశురాం ఒక్కడే నిలబడి, అవి సముద్రం దగ్గరి హజీరా వైపు తిరిగి చుక్కలయ్యేదాకా చూశాడు. అవేమిటో అతనికి తెలుసు. చెప్పడానికే ఎవరూ లేరు.

సాయంత్రం మేడ మీద భూదేవి దారాలు కత్తిరిస్తోంది. అతను వచ్చి ఎదురుగా కూర్చున్నాడు. చేతుల్లో ఏమీ లేకపోవడంతో వాటినెక్కడ పెట్టాలో తోచనట్టు మోకాళ్ల మీద పెట్టుకున్నాడు. ఆమె కాసేపు చూసి కత్తెర పక్కన పెట్టింది. లేచి వచ్చి అతని ఎడమ పక్కన కూర్చుంది.

"ఇయ్యాల ఏం చూసినవ్?"

అతను వినలేదేమో అనుకుని మళ్లీ అడగబోయింది. అతను విన్నాడు.

"గూడబాతులు," అన్నాడు, గడ్డం కింద అరచెయ్యి సంచిలా పట్టి చూపిస్తూ. "ఇరవై దాకున్నయి."

"అయ్యి ఎంతుంటయి?"

అతను లేచి నిలబడి రెండు చేతులూ బార్లా చాపాడు. చాలదన్నట్టు తల ఊపాడు. వేళ్లు ఇంకా సాగదీశాడు. చాల్లేదు. భూదేవి నవ్వుతూ లేచింది. అతని కుడి చేతి వేళ్లకు తన ఎడమ చేతి వేళ్లు ఆనించి, రెండో చెయ్యి పిట్టగోడ వైపు చాపింది. పక్క మేడ మీది ఆడమనిషి బట్టలు తీయడం ఆపి వాళ్లనే చూస్తోంది.

"గింతుంటదా?" అని అరిచింది భూదేవి.

పరుశురాం ఆ చివర నుంచి ఈ చివరిదాకా చూసి లెక్క కట్టాడు.

"గంత లేదు," అన్నాడు. "జర తక్వ."

ఆమె మోచెయ్యి కొంచెం మడిచింది.

"ఆఁ. గింత."